ఈస్ట్ బెంగాల్ క్లబ్బు చరిత్ర కోసం కోల్‌కతా వెళితే: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

ఫుట్‌బాల్ కోసం కోల్‌కతా వెళ్ళేవారు సాధారణంగా సాల్ట్ లేక్ స్టేడియం దగ్గర గది తీసుకుని, ఒక మ్యాచ్ చూసి, తిరుగు రైలు ఎక్కేస్తారు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బును తెలుసుకోవడానికి అది చాలదని నా గట్టి అభిప్రాయం. వందేళ్ళు దాటిన ఈ క్లబ్బు ఉత్తర కోల్‌కతా సందుల్లో పుట్టింది, నగరం నడుమ ఉన్న విశాలమైన బయలు మైదాన్‌లోని టెంటులో పెరిగింది. స్టేడియం దాని జీవితంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ వరుసలోనే చూస్తే ఊరూ అర్థమవుతుంది, క్లబ్బూ అర్థమవుతుంది.

నేను వెళ్ళింది మా నాన్నతో, వానాకాలంలో. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో లాల్ బహదూర్ స్టేడియంలో మహమ్మద్ హబీబ్ ఆట చూసిన మనిషి ఆయన. "హబీబ్ మన ఊళ్ళో పుట్టాడు గాని, పేరు మాత్రం కలకత్తాలో మోగింది" అని నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఈ ప్రయాణంలో ఆ మాట ఎంత నిజమో చూశాను. ఈస్ట్ బెంగాల్ కథలో మన తెలుగు రాష్ట్రాల వాటా తక్కువేమీ కాదు. దాన్ని మనం సరిగ్గా గుర్తుపెట్టుకోలేదన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్ నుంచి హౌరాకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక పగలు, ఒక రాత్రి పైన పడుతుంది. పెద్దవాళ్ళతో వెళితే కింది బెర్తు దొరికేలా ముందుగానే టికెట్లు తీసుకోండి. హౌరాలో దిగాక టాక్సీల దగ్గర బేరాలాడి అలసిపోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. హుగ్లీ నది కింద నుంచి వెళ్ళే మెట్రో 2024 మార్చిలో మొదలైంది. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు నిమిషాల్లో చేరుస్తుంది. 2025 ఆగస్టు నుంచి అదే గ్రీన్ లైను సియాల్దా మీదుగా సాల్ట్ లేక్ దాకా నేరుగా నడుస్తోంది. ఎస్ప్లనేడ్‌లో బ్లూ లైనుకు మారితే శోభాబజార్, శ్యామ్‌బజార్ వెళ్ళవచ్చు. క్లబ్బు చరిత్రలోని ముఖ్యమైన చోట్లన్నీ ఈ రెండు లైన్ల మీదే ఉన్నాయి. నగరంలో మాకు అన్నిటికన్నా నచ్చిన సేవ ఇదే: చవక, శుభ్రం.

బస గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదట ఇబ్బంది పడ్డాం. న్యూ మార్కెట్, సదర్ స్ట్రీట్ ప్రాంతంలో చవక లాడ్జీలు చాలా ఉన్నాయి. మైదాన్‌కు నడిచి వెళ్ళవచ్చనే ఆశతో అక్కడ ఒక లాడ్జీలో దిగాం. ఫోటోలో చూపిన గది ఒకటి, ఇచ్చినది మరొకటి. కిటికీ లేదు, గోడలన్నీ చెమ్మ, దుప్పట్లకు ముక్కవాసన. వేడినీళ్ళు అడిగితే బకెట్టుకు వేరే డబ్బు అన్నారు. నాన్నకు ఆయాసం ఉంది కాబట్టి తెల్లవారగానే ఖాళీ చేశాం. కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ ప్రాంతంలో మంచి బసలూ ఉండవచ్చు, కానీ వానాకాలంలో గదిని కళ్ళారా చూడకుండా డబ్బు కట్టకండి.

అక్కడి నుంచి శ్యామ్‌బజార్ వైపు ఒక పాత ఇంటిని మార్చి నడుపుతున్న అతిథిగృహానికి మారాం. ఎత్తయిన కప్పు, పచ్చ చెక్క తలుపుల కిటికీలు, మెట్రో స్టేషన్‌కు కొద్ది దూరం. లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్నవారు కింది గది అడగాలి. ఉదయం పూరీల్లాంటి లూచీ, ఆలూ కూర పెట్టేవారు. నడుపుతున్న పెద్దావిడ మేము ఎందుకు వచ్చామో తెలుసుకుని, తన పుట్టింటివాళ్ళు ఈస్ట్ బెంగాల్ చిరకాల ప్రత్యర్థి మోహన్ బాగాన్ అభిమానులనీ, అత్తింటివాళ్ళు ఈస్ట్ బెంగాల్ అభిమానులనీ గర్వంగా చెప్పారు. ఇక సాల్ట్ లేక్‌లోని గదులు శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటాయి, అద్దె ఎక్కువ. స్టేడియంలో రాత్రి మ్యాచ్ చూసేవారికి ఒక రాత్రికి బాగానే ఉంటుంది. అంతకు మించి అక్కడ ఉండి ప్రయోజనం లేదు.

శ్యామ్‌బజార్‌లో ఉండటం వల్ల అసలు లాభం చరిత్ర కాళ్ళకు అందడం. ఆ పరిసరాల్లోనే మోహన్ బాగాన్ లేన్ ఉంది. మోహన్ బాగాన్ విల్లాలో 1889 ఆగస్టు 15న మొదలైన క్లబ్బు 1911 జులై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. ఆ రోజు మన ఆటగాళ్ళలో ఒక్క సుధీర్ చటర్జీ తప్ప అందరూ వట్టికాళ్ళతోనే ఆడారు. ఆ జట్టు నాయకుడు శివదాస్ భాదుడీ పేరుతోనూ అక్కడ వీధి ఉంది. ఈస్ట్ బెంగాల్ గురించి రాస్తూ ప్రత్యర్థి సంగతి ఎందుకంటే, ఆ ప్రత్యర్థి ఆడిన ఒక మ్యాచ్‌లోనే దీని పుట్టుక ఉంది.

1920 జులై 28. కూచ్ బిహార్ కప్పులో మోహన్ బాగాన్‌తో జోడాబాగాన్ క్లబ్బు ఆడాలి. డిఫెండర్ శైలేశ్ బోస్‌ను జోడాబాగాన్ జట్టులోంచి తప్పించారు. కారణం చెప్పలేదు. క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఎంత అడిగినా వినలేదు. తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చినవాడన్న చిన్నచూపే కారణమని ఆయనకు అనిపించింది. రాజీనామా చేసి బయటికి వచ్చి, మన్మథనాథ్ చౌధురి, రమేశ్ చంద్ర సేన్, అరవింద ఘోష్‌లతో కలిసి ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టారు. రమేశ్ సేన్‌ను అభిమానులు నశా సేన్ అనే పిలుస్తారు. తొలి అధ్యక్షుడు శారదారంజన్ రాయ్. అవమానం జరిగిన నాటి నుంచి క్లబ్బు పుట్టే దాకా గడిచింది కొద్ది రోజులే. అదే నెలలో హెర్క్యులిస్ కప్పులో ఆడి, మొదటి మ్యాచ్‌లో మెట్రోపాలిటన్ కాలేజీని 4-0తో ఓడించి, చివరికి కప్పు కూడా గెలిచారు.

మొదట్లో వీళ్ళు ఆడుకున్నది కుమార్‌టులి పార్కులో. శోభాబజార్ మెట్రోలో దిగి నది వైపు నడిస్తే కుమార్‌టులి వస్తుంది, దుర్గమ్మ విగ్రహాలు చేసే కుమ్మరుల పేట. మేము వెళ్ళేసరికి గడ్డితో కట్టిన ఆకారాలకు మట్టి పూస్తున్నారు, సందులన్నీ తడి మన్ను వాసన. పార్కులో ఇప్పుడు పెద్దగా చూసేదేమీ లేదు. అయినా వెళ్ళమనే చెబుతాను. ఇంత చిన్న చోట మొదలైన క్లబ్బు కోసం ఒక నగరం సగానికి చీలిపోయిందన్న సంగతి అక్కడ నిలబడితేనే ఒంటికి తెలుస్తుంది. సందుల్లో ఫోటోలు తీసేటప్పుడు పనివాళ్ళను అడగండి. పని ఆపి మనకు దారి ఇస్తారు, అది వాళ్ళకు నష్టం.

ఎస్ప్లనేడ్‌కు తిరిగి వచ్చి చౌరంగీలో మెట్రోపాలిటన్ బిల్డింగ్ దగ్గర ఆగండి. గుమ్మటం ఉన్న ఆ భవనంలో బ్రిటిష్ కాలంలో వైట్‌అవే లైడ్‌లా అనే పెద్ద దుకాణం ఉండేది. క్లబ్బుకు జెర్సీ కోసం తిరుగుతున్న వ్యవస్థాపకులకు అక్కడ వేలాడదీసిన ఎరుపు, బంగారు రంగుల చొక్కా నచ్చిందనీ, దాని ధర 80 రూపాయలనీ క్లబ్బు వర్గాల్లో చెప్పుకుంటారు. అప్పటికి అది చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ఊళ్ళో ఎక్కడ చూసినా కనిపించే ఆ రెండు రంగులు ఇక్కడి నుంచే వచ్చాయి.

అక్కడి నుంచి మైదాన్ నడిచేంత దూరమే. ఈడెన్ గార్డెన్స్ ఎదుట గోష్ఠ పాల్ విగ్రహం ఉంటుంది. మోహన్ బాగాన్ రక్షణ గోడగా పేరు పొందిన ఆయన పుట్టింది తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్‌లో. ఎవరు ఎటువైపు అన్న లెక్క అప్పుడు కూడా అంత సూటిగా ఉండేది కాదన్నమాట. 1962లో పద్మశ్రీ అందుకున్న ఆయన ఆ గౌరవం పొందిన తొలి భారతీయ ఫుట్‌బాలర్.

మైదాన్ సైన్యం అధీనంలోని భూమి. అందుకే ఎంత పెద్ద క్లబ్బయినా అక్కడ మేడలు కట్టుకోలేదు. కార్యాలయాన్ని ఇప్పటికీ టెంటు అనే అంటారు. ఈస్ట్ బెంగాల్ టెంటు లోపలికి సభ్యులకే ప్రవేశం. ముందుగా తెలిసినవారు లేకుండా వెళితే గేటు దగ్గర నుంచే తిరిగి రావాల్సి రావచ్చు. మమ్మల్నీ మొదట ఆపారు. నాన్న వచ్చీరాని హిందీలో, "హైదరాబాద్ నుంచి వచ్చాం, హబీబ్ ఆడిన చోటు చూడాలి" అన్నారు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. "బొడో మియా దేశం వాళ్ళా! రండి దాదా" అంటూ తనే లోపలికి తీసుకెళ్ళారు. హబీబ్‌ను అక్కడ పిలిచే ముద్దుపేరు అది. కప్పులు పెట్టిన గది, గోడల మీద పాత జట్ల ఫోటోలు చూపించి, ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగి పేరు చెప్పారు. ఇలాంటి వ్యక్తి అందరికీ దొరకకపోవచ్చు కాబట్టి సభ్యులు ఎవరైనా తెలిసి ఉంటే ముందే మాట్లాడుకోండి.

అక్కడ చాలాసేపు నిలిచిపోయింది పంచపాండవుల ఫోటో దగ్గర. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, సాలే. అయిదుగురూ దక్షిణాది నుంచి వచ్చిన ఫార్వర్డులే. 1949 నుంచి 1953 దాకా వీళ్ళు కలిసి ఆడిన కాలాన్ని అభిమానులు స్వర్ణయుగం అంటారు. 1949, 1950, 1951లలో వరుసగా మూడుసార్లు షీల్డు గెలిచారు. 1953లో జట్టు రుమేనియా, సోవియట్ యూనియన్ వెళ్ళి ఆడి వచ్చింది. దేశ విభజనతో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి జాదవ్‌పూర్ వైపు కాలనీల్లో తలదాచుకున్న లక్షల మందికి ఆ గెలుపులు ఎంత ఊరటో ఆలోచించండి. వాళ్ళకు తూర్పు బెంగాల్ అన్న పేరు మిగిలింది ఈ జట్టులోనే. ఆ పేరును మోసి గెలిపించినవాళ్ళు బెంగాలీ కూడా రాని దక్షిణాది కుర్రాళ్ళు. ఈ క్లబ్బులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే సంగతి ఇది. చిన్నచూపుకు బదులుగా పుట్టిన క్లబ్బు, బయటివాళ్ళను తనవాళ్ళను చేసుకుంది.

తర్వాతి తరంలో తులసీదాస్ బలరామ్ వచ్చాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన ఆయన్ని తీర్చిదిద్దింది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అదీ అప్పటి మన ఆట. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. ఆ లీగులో ఎక్కువ గోల్స్ చేసిందీ ఆయనే. మరుసటి ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ళకే ఆట ఆపేయాల్సి వచ్చింది. అర్జున వచ్చింది గాని పద్మ పురస్కారం ఏదీ రాలేదు. ఆ అన్యాయానికి నాకు ఇప్పటికీ కోపమే. చివరిదాకా ఉత్తరపారాలో గంగ ఒడ్డున ఉండి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. హౌరా నుంచి బండెల్ వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే ఉత్తరపారా దగ్గరే. ఘాట్ మెట్ల మీద సాయంత్రం కూర్చోవడానికి ఒక పూట కేటాయించండి. రద్దీ వేళల్లో మాత్రం ఆ లోకల్ రైళ్ళలోకి పెద్దవాళ్ళను ఎక్కించవద్దు.

హబీబ్ గురించి నాన్న చెప్పిందంతా రాస్తే ఇక్కడ చోటు చాలదు. 1966లో వచ్చి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, మూడు చోట్లా ప్రేమ సంపాదించుకున్న ఆటగాడు. 1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరుసార్లు లీగు గెలిచింది. అందులో ఎక్కువ కాలం హబీబ్ జట్టులోనే ఉన్నాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన భారత జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ వాడే. ఆ జట్టులోనూ హబీబ్ ఉన్నాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మాస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడినప్పుడు హబీబ్ మోహన్ బాగాన్ తరఫున దిగాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది. హబీబ్ తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బాగాన్ తరఫున ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు టెంటులో ఫోటోలు చూపించిన పెద్దాయన ముఖంలో నొప్పి ఇంకా కనిపించింది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. ఆ పేరు చెబితే కోల్‌కతాలో గేటు తెరుచుకుంది. మన నగరంలో ఎంతమంది కుర్రాళ్ళకు ఆ పేరు తెలుసు?

మ్యాచ్ విషయానికొస్తే, మేము చూసింది మైదాన్‌లోని క్లబ్బు మైదానంలో జరిగిన కలకత్తా లీగు ఆట. జట్టులో ఎక్కువమంది కుర్రాళ్ళే, గ్యాలరీ సగమే నిండింది. బెంచీలు గట్టివి, వాన వస్తే అన్ని చోట్లా నీడ ఉండదు, మరుగుదొడ్ల పరిస్థితి బాగాలేదు. ఆడవాళ్ళతో వెళ్ళేవారు ఇది గమనించాలి. కానీ గడ్డి మీద బంతి పడ్డ చప్పుడు కూడా వినిపించేంత దగ్గరగా కూర్చుంటాం. పక్కన కూర్చున్న ముసలాయన ప్రతి పాసుకూ ఆ కుర్రాడిని పేరుపెట్టి మందలిస్తుంటే నాన్న ఆనందం చెప్పనలవి కాదు. ఈ లీగు ఆటలు కొన్ని నైహాటి, బారక్‌పూర్ లాంటి చోట్ల పెడతారు, కాబట్టి వేదిక చూసుకున్నాకే బయలుదేరండి. విరామంలో మైదాన్ క్యాంటీన్ల చికెన్ స్టూ, కాల్చిన రొట్టె తప్పక తినండి. మిరియాల ఘాటుతో పల్చగా ఉండే ఆ స్టూ వానలో ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది.

సాల్ట్ లేక్‌లోని వివేకానంద యువభారతి క్రీడాంగణం 1984లో మొదలైంది. మెట్రో దిగితే నడిచే దూరం. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చిన చోటు ఇది. భైచుంగ్ భుటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బాగాన్‌ను ఓడించింది. 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం సీట్లు మార్చాక సామర్థ్యం తగ్గింది. డెర్బీ, అంటే ఈ రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్, ఉంటే తప్పకుండా వెళ్ళండి. మ్యాచ్ లేని రోజున మాత్రం బయటి గోడ తప్ప చూసేదేమీ లేదు, ఆ పూటను ఉత్తర కోల్‌కతాకు ఇవ్వడమే మేలు.

ఈ పోటీకి చీకటి కోణమూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఏటా ఆ రోజున వారిని తలుచుకుంటూ రక్తదానం చేస్తారు. 2024 ఆగస్టులో ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్య తర్వాత, ఆగస్టు 18న జరగాల్సిన డ్యూరాండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. అయినా రెండు క్లబ్బుల అభిమానులూ, మొహమ్మడన్ స్పోర్టింగ్ వారూ కలిసి స్టేడియం బయట న్యాయం కోసం నినదించారు. ఆ ఆసుపత్రి మా అతిథిగృహానికి దగ్గరే. దాని ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఎరుపు-పసుపు, ఆకుపచ్చ-మెరూన్ చొక్కాలు భుజం భుజం కలిపిన ఆ దృశ్యం మనసులో మెదిలేది.

తిండి సంగతి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ, మోహన్ బాగాన్ గెలిస్తే రొయ్యలు తినడం ఇక్కడి ఆనవాయితీ. గోదావరికి ఎదురీదే మన పులసా ఈ ఇలిశ జాతే కాబట్టి నాన్నది వెంటనే ఈస్ట్ బెంగాల్ పక్షమైంది. కాలేజ్ స్ట్రీట్ దగ్గర భవానీ దత్తా లేన్‌లోని స్వాధీన్ భారత్ హిందూ హోటల్లో అరిటాకులో అన్నం, ఆవపిండితో వండిన చేప తిన్నాం. మనకు ఆవఘాటు కొత్త కాదు గాని, ఆవనూనె కొందరికి పడకపోవచ్చు. ప్రతి వడ్డనకూ విడిగా లెక్క కడతారు, నిమ్మకాయ ముక్కతో సహా. ధరలు న్యాయంగా ఉన్నాయి, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఇష్టమైన చేప అయిపోతుంది.

ప్రయాణానికి నెల ఎంచుకునేటప్పుడు ఒక మాట. ఇలిశ, లీగు ఆటలు, కుమార్‌టులి పని మూడూ ఒకేసారి చూడాలంటే జులై, ఆగస్టులే. ఆగస్టు 1న క్లబ్బు పుట్టినరోజు కూడా. వాన పడనివాళ్ళు చలికాలంలో వెళ్ళాలి. ఎప్పుడు వెళ్ళినా మహిళల జట్టు ఆట ఉందేమో చూసుకోండి. 2024-25లో భారత మహిళల లీగును ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఆ జట్టు ముందు వరుసలో ఆడింది మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య. అప్పారావు, బలరామ్, హబీబ్ తొడుక్కున్న రంగులే ఆమెవీ. పురుషుల డెర్బీ టికెట్టు దొరకలేదని నిరాశపడి తిరిగి రాకుండా, ఆమె ఆట ఉన్న రోజుకు మీ తిరుగు టికెట్టు జరుపుకోండి. మేము వెళ్ళిన వారంలో ఆ ఆట లేదు, నాన్న ఇప్పటికే మళ్ళీ వెళదామంటున్నారు.